సున్నం కొట్టిన పాట

మా ఉక్కు కర్మాగారం ఊళ్ళో క్యాంప్-1 పేట చర్చి గంట మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా ఒట్ల విలువ తెలిసిన మా అక్క ఇది చదివితే, గంట పగిలిందేమో చూడ్డానికి వెళుతుంది. వెళ్ళనీండి. మొన్న పక్క పేట కోహ్కాలో మేనకోడలి ల్యాప్‌టాప్ తెరిస్తే కంప్యూటరును నడిపే లినక్సులు మూడింటి పేర్లు బుద్ధిగా వరుసకట్టాయి. "ఏది కావాలి మావయ్యా?" అంది. ఒకదాని పేరు ఒకటి చెరపకుండా మూడూ ఒకే డిస్కులో కాపురముంటున్నాయట. నాకు మా పాత మిషను గుర్తొచ్చింది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన రోజుల్లో మా ఇంట్లో ఒకటే కంప్యూటరు, ఇద్దరు మొనగాళ్ళు: అన్నయ్య, అక్క మొగుడైన బావ. ఒకే డిస్కును రెండు భాగాలు చేసి చెరో లినక్సు ఎక్కించుకున్నారు. మిషను లేవగానే ఎవర్ని లేపాలో అడిగే చిన్న ప్రోగ్రాము బూట్‌లోడరు. డిస్కు గుమ్మంలో దానికి ఒకటే కుర్చీ. అన్నయ్యది వచ్చి కూర్చుంటే జాబితాలో బావ పేరు ఉండదు. బావ తను పనిచేసే నందిని గనుల నుంచి ఆదివారం వచ్చి తనది కూర్చోబెడితే అన్నయ్య పేరు మాయం. వీళ్ళ పోరుకి మా సందులో కుక్కలు కూడా రెండు పార్టీలయ్యాయి. కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరైన నాన్నకి ఇదేమీ పట్టేది కాదు. తను కట్టిన క్రిస్మస్ పాటను ఒక ఆదివారం బావ లినక్సులో రికార్డయ్యేలా మైకు పెట్టి పాడాడు. మూడో చరణంలో దగ్గొచ్చింది. "ఏటల్లుడా, దగ్గు కూడా పట్టీసిందా మిషను?" అని నవ్వి మళ్ళీ అందుకున్నాడు. ఆయన గొంతుకు మిగిలిన గుర్తు అదొక్కటే.

నాన్న పోయాక అన్నయ్యతో ఏదో మాటా మాటా పెరిగి బావ రావడం మానేశాడు. అన్నయ్య ఉద్యోగం టౌన్‌షిప్‌లో క్వార్టర్లు చూడడం. అక్కడ పేరుపలక లేని క్వార్టరంటే ఖాళీ. ఖాళీ అయితే వెంటనే సున్నం కొట్టించాలి, లేకపోతే ఎవడో తాళం పగలగొట్టి దూరతాడు. జాబితాలో బావ పేరు లేదు, మనిషీ రావడం లేదు. ఖాళీ చేసినవాడు సామాను పట్టుకెళ్ళే ఉంటాడనుకుని, అన్నయ్య డిస్కులో బావ భాగాన్ని ఫార్మాట్ చేసి మొత్తం తుడిచేశాడు.

నాన్న జ్ఞాపకార్థం పెట్టిన ప్రార్థన కూడికలో ఆ పాట వినాలని అమ్మ అడిగింది. అక్క కబురు పెడితే బావ వచ్చి మిషను ముందు కూర్చున్నాడు.

"నాదేది, బామ్మర్దీ?"

"నువ్వు ఖాళీ చేసీసినావనుకున్నాను బావా. సున్నం కొట్టీసేను."

"పేరు తీసీసినంతలో మనిషి పోతాడేటి? నీ జాబితాలో నాలుగు ముక్కలు రాస్తే అగుపించీవోడు." తెర మీద తన పేరుండాల్సిన చోట వేలు పెట్టాడు. "లోపల మావ ఉన్నాడు."

కూడికలో అమ్మ ముసుగు సర్దుకుని స్పీకరు పక్కనే కూర్చుంది. ఎవరూ మీట నొక్కలేదు. అన్నయ్యా బావా మళ్ళీ చర్చిలో ఒక బల్ల మీద కూర్చోలేదు.

ఒట్టు వేశాను గనక ఒప్పుకుంటాను. ఆ దగ్గు, ఆ నవ్వు నా కల్పన. ఆ పాట నేను వినలేదు. మిషను ఇంట్లోనే ఉంది కదా, తీరిగ్గా విందాంలే అనుకున్నాను. ఎప్పుడైనా వినొచ్చు అనుకునే కాలం ఒకటుంటుంది. దాటిపోయాక గానీ అది కూడా ఒక కాలమేనని తెలియదు.