పాస్తా గొట్టాల్లో ముల్లు

మా బాబాయికి ఒక్కటే జబ్బు. చేపలో ఎక్కడో ఒక ముల్లు ఉండిపోయిందని అనుమానం. మిగతా అన్నిటిలో బంగారంలాంటి మనిషి. గడియారాలు బాగుచేస్తాడు, గట్టిగా మాట్లాడడు, పిన్ని ఏమన్నా నవ్వి ఊరుకుంటాడు. కానీ చేప ఇంట్లోకి వచ్చిందా, ఇక ఆ పూట భోజనం వేళకి జరగదు.

ప్రతి ఆదివారం చేపా కూరగాయలూ కూరిన పాస్తా గొట్టాలు చేస్తాడు. చేస్తాడంటే, పై వాటాలో ఉంటున్న పాపానికి నేను చేస్తాను, ఆయన అనుమానిస్తాడు. గొట్టాలు సగం ఉడికించి తడిగుడ్డ మీద పరచడం, చేపని ఆవిరి మీద ఉడికించి చిదమడం, క్యారెట్టు, పాలకూర, ఉల్లిపాయ మగ్గబెట్టి అందులో కలపడం నా పని. అప్పుడు బాబాయి కొట్లో వాడే భూతద్దం కంటికి తగిలించుకుని, పట్టకారు పుచ్చుకుని కూర్చుంటాడు.

"బాబాయ్, అది చేప. చేతిగడియారం కాదు."

"ఇదిగో, ఏదో మెరిసింది."

"ఉల్లిపాయ."

"ఉల్లిపాయ ఇలా మెరవదే."

"మగ్గితే మెరుస్తుంది. అందుకే మగ్గబెట్టాను."

చూడటం అయ్యాక గొట్టాల్లో కూరతాం. ట్రేలో పేర్చి, పాలూ మైదా కలిపి కాచిన సాస్ పోసి, పైన చీజ్ తురుముతాను. ఓవెన్ తలుపు తీసేసరికి ఆయన చెయ్యి అడ్డం పెడతాడు.

"కూరేటప్పుడు ఓ గొట్టంలో చెంచాకి ఏదో గుచ్చుకుంది."

"ఏ గొట్టంలో?"

"అదే గుర్తు రావడం లేదు."

ఇక అన్నీ బయటికి. నాకు ఒళ్లు మండిపోయేది. రెండోసారి కూరేసరికి సగం గొట్టాలు చిరిగేవి. చిరిగినవన్నీ నా పళ్లెంలోకే వచ్చేవి.

ఒకసారి తెలివిగా ముల్లు తీసిన చేపే కొనుక్కొచ్చాను.

"ముల్లు లేదని ఎవరన్నారు?" అన్నాడు.

"అమ్మినాయన."

"ఆయన తింటాడా, మనం తింటామా?" అంటూ భూతద్దం తగిలించాడు.

ఇంతసేపూ పిన్ని వాళ్ల నాన్న, మా తాతయ్య, బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఎప్పుడు తొంగిచూసినా "తొందరేం లేదమ్మా" అనేవాడు. ఆ ఒక్క మాటతో బాబాయికి ఇంకా బలం వచ్చేది. తాతయ్య మీద కూడా నాకు కోపమే.

ఓ ఆదివారం ఓవెన్ పాడైంది. పిన్నికీ నాకూ పండగే. పిన్ని చేపముక్కలు చకచకా వేయించి వేళకి వడ్డించింది. తాతయ్య పళ్లెం పక్కకి జరిపి, "నేను చేపలు తినడం మానేశానమ్మా" అన్నాడు.

"ఎప్పుడు మానేశావు? పోయిన వారం రెండుసార్లు వడ్డించుకున్నావుగా?" అంది పిన్ని.

తాతయ్య బ్రెడ్డు తుంచుకున్నాడు. బాబాయి లేచి, నోటి దాకా వెళ్లిన ముక్కతో సహా మా అందరి పళ్లాలూ లాక్కున్నాడు. "ముల్లుందని అనుమానంగా ఉంది" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయాడు. పిన్ని తల పట్టుకుంది.

ఇవాళ అటో ఇటో తేల్చేద్దామని వెనకాలే వెళ్లాను.

"ముల్లు కనపడితే ఎవరికి వాళ్లం తీసుకుంటాం కదా బాబాయ్, నీకెందుకీ బాధ?"

"కనపడని వాళ్ల సంగతేమిటే?" అన్నాడు గొంతు తగ్గించి. "మామయ్యగారికి చూపు మసకేసింది. ఓసారి గొంతులో ముల్లు గుచ్చుకుంటే నేనే తీయించుకొచ్చాను. ఎవరికీ చెప్పొద్దన్నారు. అప్పట్నించి ముల్లు వలవని చేప పెడితే, ఇష్టం లేదంటున్నారు. ఆపరేషన్ చేయించుకుందాం రమ్మంటే, నా కళ్లకేమైందయ్యా అంటారు."

"మరి ఆయన ఒక్కరికీ వలిచిపెట్టొచ్చుగా?"

"చిన్నపిల్లాడికి పెట్టినట్టు పెడితే ఆయన తింటారా? అందరికీ వలిస్తే నా చాదస్తం అనుకుంటారు. అనుకోనీ."

నేనూ ఓ పళ్లెం దగ్గరికి లాక్కున్నాను. ఇద్దరం కూర్చుని చేపంతా వలిచి, బ్రెడ్డు మధ్య పెట్టి అందరికీ వడ్డించాం. తాతయ్య రెండుసార్లు వడ్డించుకున్నాడు. పిన్ని మాత్రం మా ఇద్దరితోనూ మాట్లాడలేదు.

మరుసటి ఆదివారానికి ఓవెన్ బాగైంది. బాబాయి ఎలాగో తృప్తిపడి ట్రే ఎత్తాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగు బాబాయ్. చివరి గొట్టంలో ఏదో ఉన్నట్టుంది."

"రెండుసార్లు చూశాను కదే."

"ఇంకోసారి చూద్దాం. ఆ భూతద్దం ఇలా ఇవ్వు."

"నీకేం చాదస్తమే?" అని బాబాయి విసుక్కున్నాడు. "అవతల పెద్దాయన ఆకలితో కూర్చున్నారు."

బల్ల దగ్గర్నుంచి తాతయ్య గొంతు వినిపించింది.

"తొందరేం లేదమ్మా."