డ్రైవర్ సీట్లో చూసిన ఊళ్ళు

ఎమ్మెస్ చదివే రోజుల్లో మా ఐదుగురిలో లైసెన్స్ నాకొక్కడికే ఉండేది. వీకెండ్ వచ్చిందంటే అద్దె కారు తాళం నా చేతిలో పెట్టేవాళ్ళు. బోస్టన్, ఫిలడెల్ఫియా, ఏ ఊరైనా అదే వరస. కారు ఆపగానే వాళ్ళు పాత కట్టడాలు చూడటానికి పరుగెత్తేవాళ్ళు. తిరిగి నడపాల్సింది నేనే కాబట్టి సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకునేవాణ్ణి.

గెటిస్‌బర్గ్ యుద్ధభూమి దగ్గర అద్దం మీద కొట్టి లేపారు. నడుం పట్టేసింది. ఫిరంగుల ముందు దిగిన ఫోటోలు చూపిస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

"నేనెప్పుడురా చూసేది?" అన్నాను.

రూమ్మేట్ పులిహోర డబ్బా నా ఒళ్ళో పెట్టి బుజ్జగించాడు.

"ఫీల్ అవ్వకు రా. నెక్స్ట్ వీక్ వాషింగ్టన్ నీకోసమే పెట్టినం. పార్కింగ్‌ల మొత్తం చెట్లేనంట, మంచిగ నీడకు పడుకోవచ్చు."