పటం మీద ఆయమ్మ వేలు

ఆ బడిలో అందరూ ఆయమ్మ అని పిలిచే మనిషికి కుదురన్నది లేదు. మెట్లు ఊడుస్తూనే కిటికీ గొళ్లెం సరిచేస్తుంది, జడ ఊడిన పిల్ల ఎదురైతే నడుస్తూనే బిగించేస్తుంది, మాట్లాడుతున్నంతసేపూ కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంటుంది. కొత్త భవనం ఎలా ఉండాలో పిల్లల్నీ సిబ్బందినీ అడుగుదామని ఇంజనీరు వచ్చి బల్ల మీద పటం పరిచిన రోజు కూడా, అందరూ కూర్చుంటే ఆమె గోడ వెంట అటూ ఇటూ తిరిగింది. పిల్లలు ఆటస్థలం కావాలన్నారు, టీచర్లు పెద్ద కిటికీలు కావాలన్నారు. "మీరూ చెప్పండమ్మా," అన్నాడు ఇంజనీరు. "నాకేం తెలుసు బాబూ," అంటూనే ఆమె పటం దగ్గరికి వచ్చేసింది. "ఆడపిల్లల మరుగుదొడ్లు ఎక్కడ పెట్టారు?"

ఆయన ఆవరణ చివరను చూపించాడు. ఆయమ్మ అందుకుంది, "ఇప్పుడూ అక్కడే ఉన్నాయి కదా. మగపిల్లలు ఆడుకునే చోటు దాటి వెళ్లాల్సి వస్తుందని వీళ్లు పొద్దుటినుంచీ నీళ్లు ముట్టరు. సీసాలు తెచ్చినవి తెచ్చినట్టే ఇంటికి పోతాయి."

ఆడపిల్లలు తలలు దించుకున్నారు. ఒకమ్మాయి మాత్రం, "నిజమే సార్," అంది.

"మరెక్కడ పెడదాం?" అన్నాడు ఇంజనీరు.

ఆయమ్మ వేలు మెట్ల పక్క గది మీద ఆగింది. అది అక్కడే కూర్చున్న బడి ప్రధానోపాధ్యాయురాలు, పెద్ద మేడంకి అనుకున్న గది. హద్దు మీరానేమో అనుకుంది గానీ, ఆయమ్మ వేలు మాత్రం తీయలేదు. పెద్ద మేడం ఆడపిల్లల వైపు చూసింది.

"ఇన్నేళ్లలో నాతో ఒక్కరూ చెప్పలేదేమర్రా?"

ఆమె ఇంజనీరు వైపు తిరిగింది.

"ఆ చివరకి నా గది మార్చండి. నేను నడవగలను."