సరి బోనులు, బేసి బోనులు

బోనులక్క ఎలుకను ఎత్తే తీరు చూసి కొత్తవాళ్లు నవ్వుతారు. రెండు చేతులూ దోసిలి పట్టి బోను అడుగున పెట్టి ఊరుకుంటుంది. తరమదు, పట్టుకోదు. ఎలుక మూలకు పోయి, మీసాలు ఆడించి, కాసేపు ఆలోచించుకుని, తనంతట తానే దోసిట్లోకి ఎక్కుతుంది. అప్పుడు లేపుతుంది. ఒక్కోదానికి అర నిమిషం పడుతుంది. తోక పట్టి లేపితే రెండు క్షణాల పని.

ఎందుకింత ఆలస్యం అని అడిగితే, "నిన్నెవరైనా జుట్టు పట్టి మంచం మీంచి లేపితే ఆ రోజంతా నీకెలా ఉంటుంది?" అంటుంది.

ఆమెకూ ఒక పేరుంది. హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వాడరు. ఇరవై రెండేళ్ల కిందట మా పరిశోధనశాలలో నేల తుడవడానికి చేరింది. ఒకనాడు ఎలుకల గదిలో పనిచేసే మనిషి రాకపోతే నీళ్ల సీసాలు నింపమని లోపలికి పంపారు. మళ్లీ బయటికి రాలేదు. పదో తరగతి దాకా చదువుకుంది. ఏ మందు ఏ జబ్బుకో అడగదు గానీ, ఏ ఎలుక నిన్న తక్కువ తిన్నదో చెప్పగలదు. ఆమె వాసన లేని సబ్బే వాడుతుంది. సెంటు పూసుకొచ్చినవాళ్లను ఆ గది గుమ్మం దాటనివ్వదు. ఒకసారి మా పరిశోధనశాల అధిపతి పెద్దసారునే ఆపి, "మెడ కడుక్కుని రండి సార్, పిల్లలు బెదురుతాయి" అంది. ఆయన గొణుక్కుంటూ వెళ్లి కడుక్కునే వచ్చారు.

మేం పనిచేసేది డిప్రెషన్ మీద. మెదడులో నరాల కణాలు కొత్త కొమ్మలు వేయడానికి తోడ్పడే ఒక ప్రోటీన్ ఉంది. దిగులు ముదిరినప్పుడు అది తగ్గిపోతుందని మా అనుమానం. దాన్ని తగ్గనివ్వని మందొకటి పెద్దసారు ఏళ్ల తరబడి తయారుచేయించారు. దాన్ని ఎలుకల మీద పరీక్షించే పని నాకప్పగించారు.

అప్పటికి మా పాపకు ఏడు నెలలు. నేను మళ్లీ పనిలో చేరి మూడు వారాలు. ఎలుకల కదలికలు కొలిచే స్టాప్‌వాచ్‌ను ఇంటికి తీసుకెళ్లి, నిద్రపోతున్న పాప నిమిషానికెన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టేదాన్ని. లెక్క సరిగ్గానే ఉండేది. అయినా మళ్లీ లెక్కపెట్టేదాన్ని. నిద్ర లేక, పాలపొడి తెచ్చానా లేదా అన్నది కూడా గుర్తుండేది కాదు. అందుకే మరిచిపోయే వీల్లేని పద్ధతి ఒకటి ఎంచుకున్నాను. నలభై బోనులు. బేసి సంఖ్య బోనులకు మందు కలిపిన నీళ్లు, సరి సంఖ్యవాటికి వట్టి నీళ్లు.

ఏ సీసాలో ఏముందో బోనులక్కకు గానీ, ఆమెతో పనిచేసే పొడుగుకు గానీ చెప్పలేదు. ఈ పొడుగు ఆరడుగుల మనిషి, అడుగు వరస బోనులు తీయాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. వీడియోలు చూసి సమయం కొలిచే విద్యార్థికి కూడా చెప్పలేదు. ఇంత జాగ్రత్త పడ్డాను కదా అని లోలోపల గర్వపడ్డాను.

ఆరు వారాల తర్వాత పరీక్ష పెట్టాం. ఎలుకను నీళ్లున్న గాజు జాడీలో ఆరు నిమిషాలు ఉంచుతాం. బయటపడటానికి ఎంతసేపు కొట్టుకుంటుందో, ఎంతసేపటికి ఊరుకుని తేలిపోతుందో చూస్తాం. త్వరగా ఊరుకుంటే నిరాశ పడిందని మా లెక్క.

తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డ బోనులక్క ఈ లెక్కను ఎన్నడూ ఒప్పుకోలేదు. "ఆరు నిమిషాలకి నేనొచ్చి తీస్తానని తెలిసినప్పుడు అది ఊరికే కాళ్లెందుకు ఆడించాలి? అది నిరాశేంటి తల్లీ, తెలివి!"

అయినా ఫలితాలు కళ్లు చెదిరేలా వచ్చాయి. మందు తాగిన ఎలుకలు దాదాపు రెండింతలసేపు కొట్టుకున్నాయి. తర్వాత వాటిని చంపి మెదళ్లలో కొలిస్తే ఆ ప్రోటీన్ కూడా ఎక్కువే ఉంది. పెద్దసారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తనే టీ పోశారు. పరిశోధన పత్రికకు పేపరు రాయమన్నారు. రెండు నెలల్లో నా ఉద్యోగం గడువు ముగుస్తుంది. ఈ పేపరుంటే పొడిగిస్తారు, లేకపోతే లేదు.

పేపరుతోపాటు ఒక పత్రం పంపాలి. అందులో ఒకటే వాక్యం: "ప్రయోగకాలమంతా అన్ని బోనులనూ ఒకే విధంగా చూసుకున్నాం." కింద బోనులు చూసుకున్నవాళ్ల సంతకం. నేను దాన్ని బోనులక్క చేతికిచ్చాను. ఆమె వేలుపెట్టి నెమ్మదిగా చదివింది.

"ప్రయోగం అయిపోయింది కదా, ఇప్పుడు చెప్పు. మందు ఏ బోన్లకిచ్చావు?"

"బేసివాటికి, అక్కా."

ఆమె పెన్ను మూత పెట్టేసింది.

"బేసివన్నీ నావి. సరివి పొడుగువి."

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. నాలుగేళ్ల కిందట ఒక బోనుకు నీళ్ల సీసా పెట్టడం ఎవరు మరిచారని ఇద్దరికీ పెద్ద గొడవైంది. ఆ రోజు నుంచి పంచుకున్నారు: బేసివి ఆమె, సరివి అతను, ఎవరి తప్పు వాళ్ల నెత్తిన. ఈ పంపకం సంగతి పై అంతస్తులో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

"నేను దోసిట్లో ఎత్తుతా. వాడు తోక పట్టి ఎత్తుతాడు. వారానికి రెండుసార్లు బోను మార్చాలి, ఆరు వారాలు. నీ మందు తాగినవాటికి నా చెయ్యి తగిలింది. తాగనివాటికి వాడి చెయ్యి తగిలింది. ఇందులో ఏది మందు పనో, ఏది చేతి పనో నువ్వెలా చెప్తావు?"

రోజూ చేతుల్లో లేచే ఎలుకకూ, తోక పట్టి లేపే ఎలుకకూ బెదురులో తేడా ఉంటుందని నేను పాఠాల్లో చదువుకున్నదే. చదివి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకుని, మరిచిపోయాను.

పెద్దసారు మాత్రం కొట్టిపారేశారు. ఆమెను తన గదికి పిలిపించారు.

"ఇది ఊరికే నియమం కోసం పెట్టే సంతకమమ్మా."

"ఊరికే అయితే మీరే పెట్టండి సార్."

"బోనులు కడగడం నీ పని. ఫలితాలు చూసుకోవడం మా పని. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కత్తిపీట అబద్ధం ఆడదు కదా సార్. కోసింది కోశాననే చెప్తుంది."

"చూడు, నీకు పొడుగు మీద కోపముంటే ఉండొచ్చు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టకు."

"నాకు ఎలుకల మీద కోపం లేదు సార్. ఆ సంగతి మీకూ తెలుసు."

నవ్వు ఆపుకోవడానికి నేను కిటికీ వైపు తిరిగాను. ఆయనకు నవ్వు రాలేదు. ఆమెను ఎలుకల గది నుంచి తీసి, కింద జాడీలు కడిగే గదికి పంపారు. వారంలో సంజాయిషీ రాసివ్వమన్నారు. ఆమె అక్కడే, ఆయన బల్ల మీదే, ఆయన కాగితం మీదే రాసిచ్చింది: "నేను ఒకే విధంగా చూసుకోలేదు. కాబట్టి చూసుకున్నానని రాయలేదు."

ఆమె వెళ్లాక పెద్దసారు పత్రం నా చేతికిచ్చారు. "పొడుగుతో పెట్టించు."

పొడుగు జేబులోంచి పెన్ను తీసి, "ఎక్కడమ్మా?" అన్నాడు.

"చదవవా?"

"చదివితే పెట్టబుద్ధి కాదు. అందుకే చదవను."

పెన్ను కాగితం మీద ఆనేలోపు లాక్కున్నాను. ఎందుకో అప్పుడు తెలియదు. బోనులక్కను బతిమాలదామనుకుని కిందికి వెళ్లాను. మోచేతుల దాకా సబ్బు నురగతో, పొడవాటి బ్రష్‌తో జాడీలు తోముతోంది.

"అక్కా, ఈ పేపరు లేకపోతే నా ఉద్యోగం ఉండదు. ఇంట్లో పాపుంది."

"తెలుసు తల్లీ."

"మందు నిజంగానే పనిచేస్తుందేమో కదా?"

"చేస్తే మళ్లీ చేసి చూపించు. పారిపోదుగా?" అని, కుళాయి కట్టేసి నా వైపు తిరిగింది. "మా చెల్లి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు."

చెల్లెలు ఆమె ఇంట్లోనే ఉంటుంది. కుట్టుపని చేసేది. ఆరేళ్లుగా డిప్రెషన్. మాత్రలు నాలుగు రకాలు మార్చారు. మొదటివి కొంత పనిచేశాయి, తర్వాతవి చేయలేదు.

"మాత్ర పనిచెయ్యకపోతే మాత్రది తప్పని అది అనుకోదు. డాక్టర్లు అంత చదువుకుని ఇచ్చింది, అందరికీ పనిచేసేది, నాకే పనిచెయ్యట్లేదంటే నేనే పనికిరానిదాన్ని అనుకుంటుంది. గోడవైపు తిరిగి పడుకుంటుంది. నా సంతకంతో ఒక దొంగ మాత్ర బయటికెళ్లి ఏదో ఒకనాడు దాని చేతిలో పడితే? మీ సారు నన్ను జాడీలు కాదు, మరుగుదొడ్లు కడగమన్నా కడుగుతా. ఆ సంతకం పెట్టను."

ఆ సాయంత్రం పాప ఊపిరి లెక్కపెట్టలేదు. ఒళ్లో వేసుకుని, ఉద్యోగం లేకపోతే ఎలాగో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఏమీ తేలలేదు. పొద్దున పెద్దసారు దగ్గరికెళ్లి, ప్రయోగం మళ్లీ చేస్తానని, చేయనివ్వకపోతే పేపరు మీద నా పేరు వద్దని చెప్పాను.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. సొరుగులోంచి బోనులక్క సంజాయిషీ తీసి మళ్లీ చదివారు. "ఇన్నేళ్ల పని. కొండను తవ్వి ఎలుకను పడతావన్నమాట," అన్నారు.

"మనం పట్టేది ఎలుకనే కదా సార్."

ఎనిమిది వారాలిచ్చారు. బోనులక్క ఎలుకల గదికి తిరిగొచ్చింది.

ఈసారి సీసాలకు చీట్లు తీశాం. మందు, చేతి పద్ధతి రెండూ కలిపి నాలుగు గుంపులు. మందు తాగి దోసిట్లో లేచేవి, మందు తాగి తోకతో లేచేవి, తాగకుండా దోసిట్లో లేచేవి, తాగకుండా తోకతో లేచేవి. అక్కడొక చిక్కు వచ్చింది. తోకవన్నీ పొడుగుకూ, దోసిలివన్నీ ఆమెకూ ఇస్తే, తేడా పద్ధతిదో మనిషిదో మళ్లీ తెలియదు. ఇద్దరూ రెండు పనులూ చేయాలి.

ఆ మాట చెప్పినప్పుడు బోనులక్క ముఖం నేను మరిచిపోలేను.

"నేను తోక పట్టి ఎత్తనా? ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు."

"వేరే దారి లేదక్కా."

"ఎత్తను" అని వెళ్లిపోయింది. తలుపు దగ్గర ఆగింది. వెనక్కి తిరక్కుండానే, "నిజం కావాలన్నది నేనే కదా," అంది. "ఎప్పుడు మొదలు?"

పొడుగుకు దోసిలి పట్టడం ఆమే నేర్పింది. మొదటి రోజే వేలు కొరికించుకున్నాడు. "వీటికి నా మీద పాత కక్షలున్నాయమ్మా!" అని అరిచాడు. "ఉండవా మరి? పట్టు, కదలకు. చెయ్యి చెట్టనుకో," అని ఆమె గద్దించింది. ఆమె వంతు తోక బోనులు వచ్చినప్పుడు మాత్రం గదిలో ఎవరినీ ఉండనిచ్చేది కాదు. కిటికీలోంచి ఒకసారి చూశాను. తోక పట్టి లేపి, కొత్త బోనులో దించి, మూత వేసి, ఆ చేతిని చీరకు తుడుచుకుంటోంది. ఒక్కటి కూడా వదల్లేదు. ఒక్కదాన్ని కూడా దొంగతనంగా దోసిట్లో ఎత్తలేదు.

ఎనిమిదో వారం చివర ఫలితాలు బోర్డు మీద గీశాను. మందు తాగినవాటికీ తాగనివాటికీ తేడా లేదు. దోసిట్లో లేచినవి తోకతో లేచినవాటి కంటే దాదాపు రెండింతలసేపు కొట్టుకున్నాయి. ఎత్తింది ఆమె అయినా పొడుగు అయినా అంతే. మెదళ్లలో ప్రోటీన్ కూడా అలాగే ఉంది, దోసిలివాటిలో ఎక్కువ, మందు ఊసే లేదు.

పెద్దసారు బోర్డు ముందు నిలబడి, "ప్రోటీన్ సంగతి నిజమే, మందు సంగతే నిజం కాదు," అన్నారు, తనలో తనే. మా పేపరు ఆ సంగతే చెప్పింది. అనుకున్నంత పెద్ద పేపరు కాదు. నా ఉద్యోగం ఆరు నెలలకు మాత్రమే పొడిగించారు.

మళ్లీ అదే పత్రం బోనులక్క ముందుకు వచ్చింది. అచ్చువేసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద తన చేతిరాతతో రాసింది: "సగం బోనులు దోసిలితో, సగం తోకతో. ఇద్దరమూ రెండూ చేశాం." సంతకం పెట్టి, పొడుగు వైపు తోసింది. "చదివి పెట్టు."

అతను చదివాడు. పెట్టాడు.

తర్వాత ఆమె నాతో మందు గీత, వట్టి నీళ్ల గీత సమానంగా ఉన్న బొమ్మ ఒకటి కాగితం మీద గీయించుకుని, చెల్లెలికి చూపించడానికి తీసుకెళ్లింది. మర్నాడు చెల్లెలు ఏమందని అడిగాను.

"అంత చదువుకున్నవాళ్లు చేసిన మందే పనిచెయ్యలేదు చూడు, తప్పు మందుది, ఎలుకలది కాదు అని చెప్పా. చాలాసేపు చూసింది. ఆ ఎలుకలు ఇప్పుడెలా ఉన్నాయని అడిగింది."

"ఏం చెప్పావక్కా?"

"పోయాయని చెప్పా. ఎలా పోయాయో కూడా చెప్పా. అబద్ధం చెప్పమంటావా? ఏడ్చింది. తర్వాత, 'ఈ ఇంట్లో నాతో నిజం మాట్లాడేది నువ్వొక్కదానివే' అంది. గోడవైపు తిరగలేదు. నా వైపే తిరిగి పడుకుంది."

మాట ఆపి, బల్ల మీదున్న కొత్త బోనుల చీటీల కట్ట తీసుకుంది. వచ్చే వారం నుంచి ఇంకో మందు పరీక్ష.

"ఈసారి కూడా ఏది మందో నాకు చెప్పకు," అంది. "కానీ మొదలుపెట్టే ముందే వచ్చి, ఏ బోను ఎవరు చూస్తారో అడుగు. అడక్కపోతే ఒక్క సీసా కూడా లోపలికి రానివ్వను. నీకే కాదు, మీ సారుకీ ఇదే మాట."