జీపు దిగకుండా రాసిన పడావు

1998 వానాకాలంలో నన్ను గచ్చిబౌలి వైపు ఒక మండలానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వేశారు. కంప్యూటర్ కంపెనీలకు ప్రభుత్వ స్థలాలు కేటాయిస్తున్న రోజులవి. స్థలానికి వెళ్లి హద్దులు చూపించి, సాక్షుల ఎదుట పంచనామా రాసి అప్పగించడం నా పని.

చేరిన కొత్తలోనే అజమాయిషీ వచ్చింది. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో పొలంలో నిలబడి చూసి, పహాణీలో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకంలో, రాసినదాన్ని సరిచూసి సంతకం పెట్టాలి. గోపన్‌పల్లి దారిలో ఒక స్థలం దగ్గర జీపు ఆపించాను. రోడ్డు వారగా ఏనుగులంత రాతి గుండ్లు. చినుకులు పడుతున్నాయి, కాళ్లకు కొత్త చెప్పులు. వెనక ఏముంటుందిలే అనుకుని, సీట్లో కూర్చునే 'పడావు' అన్న మాట పక్కన సంతకం గీకేశాను. పడావు అంటే సాగులో లేని భూమి.

రెండు నెలలకు ఆ స్థలాన్నే ఒక కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. వాళ్ల సైటు ఇంజనీరు, గుంటూరు మనిషి, మర్నాటికి బుల్డోజరు కూడా మాట్లాడుకున్నాడు. గుండ్లు దాటి చూశాను. ఎకరం మేర మడులు. పాలకూర, తోటకూర, ఇంకా జానెడైనా కాని కొత్తిమీర.

సాగు చేస్తున్నది బాలమ్మ. పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి, నడుము పట్టేసి తట్టలు మోయలేక, అక్కడి పాత బావి చూసుకుని ఆకుకూరలకు దిగింది. రెండేళ్లుగా లింగంపల్లి మార్కెట్‌కు సరుకు ఇస్తోందట. రికార్డులో పడావు అని ఉందమ్మా అన్నాను.

"పడావా? ఎవరు రాసిన్రు సారూ? జర ఆయనను గీడికి తోల్కరా. పాలకూర కండ్లకు మంచిదంట, ఓ కట్ట ఇస్త" అంది.

రాసింది నేనేనని చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె నవ్వలేదు. "భూమి నాకొద్దు సారూ. కొత్తిమీర ఇరవై దినాలల్ల కోతకొస్తది, గందాంక ఆగుండ్రి. గిప్పుడు దున్నితే నేను మల్ల తట్ట మొయ్యాలె" అంది.

ఇంజనీరు నన్ను పక్కకు పిలిచాడు. "పంట ఉందని రాస్తే అనుభవదారుగా ఆవిడ పేరు ఎక్కుతుందండి. కోర్టుకెళ్తే మా స్థలం పోయినట్టే" అన్నాడు. అతని భయం ఉత్తది కాదు. పహాణీలో యజమానికి ఒక గడి, నిజంగా సాగు చేసేవారికి ఒక గడి ఉంటాయి. ఆ రెండో గడిని పట్టుకుని ఏళ్లకేళ్లు దావాలు నడిచేవి. అయితే పడావు అనే ఉంచితే బాలమ్మకు ఒక్క రోజు గడువు కూడా రాదు. మారిస్తే నా సంతకం అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు.

మండల రెవెన్యూ అధికారికి ఉన్నదంతా చెప్పాను. నువ్వు తవ్వుకున్న గోతిలో నువ్వే పడతానంటే నేనెందుకు వద్దంటానన్నారు. ఎర్ర సిరాతో పడావు కొట్టేసి, ఆకుకూరలు అని రాసి సంతకం పెట్టాను. పంచనామాలో ఉన్నది ఉన్నట్టు రాశాను. పంట ఉంది, బాలమ్మ భూమిపై హక్కు కోరడం లేదు, ఇరవయ్యో రోజున ఖాళీ చేస్తుంది. ఆమె వేలిముద్ర వేసింది, ఇంజనీరు గొణుక్కుంటూనే సంతకం చేశాడు. నాకు మాత్రం సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది.

ఇరవయ్యో రోజు పొద్దున మేం వెళ్లేసరికి మడులు ఖాళీ. బాలమ్మ చివరి కట్ట కడుతోంది. ఇంజనీరు కాసేపు అటూ ఇటూ తిరిగి, "వెనక భాగంలో ఏడాది దాకా పునాదులు తీయమండి. మీరుంటే చెత్త పోసే లారీలు రావు, అక్కడ ఆకుకూరలు వేసుకుంటారా?" అని అడిగాడు.

బాలమ్మ నా వైపు తిరిగింది. "గట్లనే కాయితం రాయి సారూ, ఖాళీ చేసే దినం ఏసి. ఈపారి చూసి రాయి."

పంచనామా నకలు, ఆ రోజు నేను రాసిచ్చిన కాగితం చూపించే, ఏడాది తర్వాత నల్లగండ్లలో ఖాళీ ప్లాట్లు సాగుకు తీసుకుందని విన్నాను. ఖాళీ చేస్తానన్న రోజు, దాని పక్కనే ఖాళీ చేసిన రోజు వాటిలో రాసి ఉన్నాయి మరి. నేను రిటైరయ్యేదాకా జీపు దిగకుండా మరి ఏ భూమినీ పడావు అని రాయలేదు.