పూజనాడు కదిలిన జీపు

బాగ్‌బేరాలో మా మామయ్య తుక్కుకు పోవలసిన పాత జీపు ఒకటి కొన్నాడు. అప్పటికే దాని సీట్లలో ఎలుకలు నాలుగు తరాలుగా కాపురం ఉంటున్నాయి. మూడేళ్లలో ఇంజను, బ్రేకులు, టాపు అన్నీ మార్చాడు. ఏది మార్చినా పానా తుడుచుకుంటూ, "ఇంకొక్క బోల్టే!" అనేవాడు. ఆ బోల్టులన్నీ పోగేస్తే సువర్ణరేఖ నది మీద ఇంకో వంతెన లేచేది.

చివరికి అత్తయ్య గడువు పెట్టింది. "విశ్వకర్మ పూజనాటికి కదల్లేదా, తుక్కు కొనే కబాడీవోడికి ఇచ్చెత్తాను!"

మామయ్య సరేనన్నాడు. పూజనాటి పొద్దున బ్యాటరీ తీగ బిగించడం ఒక్కటే మిగిలింది. తీరా చూస్తే పానాలన్నీ దండలు వేసుకుని విశ్వకర్మ పటం ముందు పడుకున్నాయి. ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు. ముప్పై ఏళ్లు కార్ఖానాలో ఆ పూజ చేసిన మనిషి, ఆ సంగతే మరిచిపోయాడు!

"ఏటి, కబాడీవోణ్ణి పిలవనా?" అంది అత్తయ్య.

"పానా ముట్టకూడదు గానీ, మనుషులు తొయ్యకూడదా ఏటి?" అంటూ మామయ్య ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, నాతో సహా వీధిలోని మగాళ్లందరినీ వెనక నిలబెట్టాడు. జీపు పట్టపుటేనుగులా కదిలింది. వీధి చివర ఆయాసంతో ఆగిపోయాం.

అత్తయ్య కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది. "ఆగిపోనారేటర్రా? మా ఆడపడుచు ఇంటిదాకా తొయ్యండి, అది చూడాల!"