ప్రేమ్ కుమార్ సారు దాచుకున్న గొంతు

మాడుగులపల్లి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే ప్రేమ్ కుమార్ సారు నోరు తెరిస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. ప్రశ్న ఆయనే వేసేవాడు, పిల్లలు పెదవి విప్పేలోపు జవాబూ ఆయనే చెప్పేసేవాడు. అంత మాటకారికి గొంతులోనే క్యాన్సర్ రావాలా? దేవుడికి కాస్తయినా సిగ్గుండాలి.

శుక్రవారం పొద్దున్నే హైదరాబాద్ ప్రయాణం. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేస్తారు. ఇప్పటికే నాలుగు మాటలు మాట్లాడితే గొంతు పూడుకుపోతోంది. అందుకే ఆ వారమంతా ఇంట్లో సైగలే. "నాతోటి ఏం మాట్లాడకు. ఉన్న గొంతుతోటి పిల్లలకు ఆఖరి పాఠం చెప్పుకో" అని భార్య ప్రమీలే అన్నది. అన్నదే గాని, వంటింట్లో ఒక్కతే ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకుందో.

గురువారం పదో తరగతిలో ఆయనకు ప్రాణమైన పాఠం, కాంతి వక్రీభవనం. గిన్నెలో రూపాయి బిళ్ళ వేసి, అది కనబడనంత దూరానికి పిల్లలను జరిపి, నీళ్ళు పోశాడు. బిళ్ళ పైకి లేచినట్టు కనబడింది. ఎందుకో చెబుదామని గొంతు సవరించుకుంటుండగా నీలా లేచింది.

"సార్, బిళ్ళ మనకు మీదికొచ్చినట్టు కనబడ్డది గదా. మరి సాగర్ కాలువల ఉన్న చేపకు, గట్టు మీద నిలబడ్డ మనం ఎట్ల కనబడతం?"

"పొట్టిగ" అన్నాడు చిరంజీవి.

"ఉత్తగ చెప్పకు. గీసి సూద్దాం దా."

ఇద్దరూ బోర్డు మీద పడ్డారు. చేపను గీశారు, కిరణాలు గీశారు, తుడిచేశారు. వెనక బెంచీల వాళ్ళూ లేచొచ్చి తలో మాట అందుకున్నారు. పొడుగ్గా కనబడతామని ఒకరు, అసలు కనబడమని ఒకరు. జవాబు సారు నాలుక చివరే ఉంది. ఒక్క మాట చెబితే చాలు, అందరూ సుద్దముక్క పడేసి నోట్సు రాసుకోవడానికి కూర్చుంటారు. ఇన్నేళ్ళూ జరిగింది అదే. ఆయన పెదవి కొరుక్కుని గోడకు ఆనుకున్నాడు. గంట కొట్టేదాకా వాళ్ళు తేల్చలేదు, ఆయన చెప్పనూ లేదు.

ఇంటికి రాగానే ప్రమీల ఎదురొచ్చింది. "పాఠం మంచిగ చెప్పినవా?"

లేదన్నట్టు తల ఊపాడు.

"నాతోటి ఒక్క మాట మాట్లాడకపోతివి. గాడ గూడ మాట్లాడకపోతే ఇగ ఎవరి కోసం దాసినవయ్యా?" కోపంగా మొదలుపెట్టిన మనిషి ఏడ్చేసింది.

"పిల్లలు ఆలోచన చేస్తున్నరే" అన్నాడు బొంగురుగా. "అడ్డం పోబుద్ధి కాలే."

ఆయనకూ దుఃఖం ఆగలేదు. కాసేపటికి "ప్రమీలా" అని పిలిచాడు.

"ఇంకోసారి పిలువు" అన్నది.

పిలిచాడు. ఆమె మళ్ళీ అడిగింది. గొంతు పూర్తిగా పోయి పెదవులు మాత్రమే కదిలేదాకా పిలుస్తూనే ఉన్నాడు.